సైనికుని స్మృతి

గతించిన వారిని కలకాలం తలచుకోవడానికి మానవుడు ఎంచుకొన్న సాధనాల్లో రాయి ప్రాచీనమైనది. తెలుగునాట పల్లెల పొలిమేరల్లో, చెరువు కట్టల మీద, శిథిలాలయాల ప్రాంగణాల్లో కనిపించే వీరగల్లులు ఇందుకు నిదర్శనం. పోరులో నేలకొరిగిన వాని పేర నిలిపిన శిలయే వీరగల్లు. కన్నడ సీమలోను, తమిళ దేశంలోను కూడా ఈ ఆచారం ఉంది. శిల్పి సాధారణంగా రాతిని అంతస్తులుగా విభజిస్తాడు. అడుగున పోరాట దృశ్యం ఉంటుంది. దానిపైన వీరుణ్ణి అప్సరసలు స్వర్గానికి తోడ్కొని పోతుంటారు. ఇంకా పైన అతడు శివుని సన్నిధిలో ఉంటాడు. శిఖరాన సూర్యచంద్రులను చెక్కుతారు. ఆచంద్రార్కం ఈ కీర్తి నిలుస్తుందని ఆ గుర్తుల భావం. అన్ని శిలలూ రాజుల యుద్ధాలకు సంబంధించినవి కావు. ఊరి పశువుల మందను దొంగలు తోలుకొని పోతుంటే అడ్డుపడి మరణించిన వారికి, క్రూరమృగంతో తలపడి చనిపోయిన వారికి కూడా ఊరివారు రాళ్లు నిలిపారు. పల్నాటి వీరులకు కారెంపూడిలో ఏటా కార్తిక మాసంలో నేటికీ ఉత్సవం జరుగుతున్నది. అక్కడ వారి ఆయుధాలకే పూజ.

అయితే వీరగల్లు చెప్పేది ఒక్క ఘట్టాన్ని గురించి మాత్రమే. ఆ వీరునికి భార్యాబిడ్డలున్నారా, అతడు ఏ పొలం దున్నాడు, సంజెవేళ రచ్చబండ దగ్గర ఎవరితో హాస్యమాడాడు అన్నవి ఆ రాయి చెప్పదు. చెప్పడం దాని పని కాదు. సైనికుని స్మృతిని గురించి ఆలోచించే వారికి మొదటి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. ఒకని మరణాన్ని స్మరించడం వేరు, జీవితాన్ని స్మరించడం వేరు. ఈ భేదం ఎంత పెద్దదో సూర్యాపేట ఇటీవలి చరిత్రను పరిశీలిస్తే తెలుస్తుంది.

సూర్యాపేట హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే జాతీయ రహదారి మీద ఉంది. అదే దారిలో ఇంకా ముందుకు పోతే కోదాడ వస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండే వరిపొలాల నడుమ మిర్యాలగూడ ఉంది. 2016లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. కోదాడ ఆ జిల్లాలో చేరగా, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. పాలనకోసం గీసిన గీతలు బంధుత్వాలకు అడ్డురావు కనుక మూడు పట్టణాల వారికీ రాకపోకలు, పెళ్లి సంబంధాలు యథాప్రకారం సాగుతున్నాయి.

స్మృతిని రాతిలో నిలపడం ఈ సీమకు కొత్త కాదు. సూర్యాపేటకు చేరువలోని పిల్లలమర్రిలో కాకతీయుల కాలంనాటి ఆలయాలున్నాయి. రేచర్ల వంశీయుడైన నామిరెడ్డి పేర నామేశ్వరం, బేతిరెడ్డి భార్య ఎరకసాని పేర ఎరకేశ్వరం అక్కడ వెలిశాయి. పినవీరభద్ర కవి ఇంటిపేరు విన్నప్పుడల్లా సాహిత్య విద్యార్థికి ఈ ఊరు మనసులో మెదులుతుంది. ఆధునిక కాలానికి వస్తే, 1946-51 నాటి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో అసువులు బాసిన వారికి ఈ ప్రాంతపు పల్లెల్లో స్తూపాలు లేచాయి. రాయి మారింది, రంగు మారింది, ఆచారం మాత్రం కొనసాగింది.

ఆ పరంపరలో ఇటీవల చేరిన పేరు కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు. ఆయన సూర్యాపేట వాసి. తండ్రి బ్యాంకు ఉద్యోగి. తాను సైన్యంలో చేరాలని కోరుకొని, అది నెరవేరక, కుమారుని ద్వారా ఆ కోరిక తీర్చుకొన్నానని ఆ తండ్రి పత్రికల వారితో చెప్పారు. బాలుడు విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాలలో చదివాడు. 1962లో ప్రారంభమైన ఆ పాఠశాల విజయనగర రాజుల భవనంలో నెలకొన్నది. పదేళ్లు దాటీ దాటని పిల్లవాడు తల్లిని విడిచి రాష్ట్రం ఆ చివరనున్న వసతి గృహంలో ఉండడం సామాన్యమైన విషయం కాదు. సైనిక జీవితానికి మొదటి శిక్షణ బహుశా తుపాకి పట్టుకోవడంలో లేదు, ఇల్లు విడిచి ఉండడంలో ఉంది.

తరువాత పుణె సమీపంలోని ఖడక్‌వాస్లాలో జాతీయ రక్షణ అకాడమీ, దెహ్రాదూన్‌లో భారత సైనిక అకాడమీ. 2004 డిసెంబరులో బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌లో అధికారిగా చేరారు. జమ్మూ కాశ్మీరులో పనిచేశారు. ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో భాగంగా కాంగో దేశానికి వెళ్లివచ్చారు. 2019 చివర, తాను తొలుత చేరిన బెటాలియన్‌కే నాయకుడయ్యారు. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు ఢిల్లీలో ఉండేవారు. ఆయన సరిహద్దులో ఉండేవారు. హైదరాబాదుకు బదిలీ అయి వచ్చే రోజుకోసం ఇంటివారు ఎదురుచూస్తున్నారు. కరోనా కాలపు ఆంక్షల వల్ల అది ఆలస్యమైందని వారు తరువాత చెప్పుకొన్నారు.

2020 మే నెల నుంచి లద్దాఖ్‌లోని వాస్తవాధీన రేఖ వెంబడి భారత, చైనా సేనల మధ్య ఉద్రిక్తత పెరిగింది. జూన్ 6న ఇరుపక్షాల సేనాధికారులు సమావేశమై వెనుకకు తగ్గడానికి అంగీకరించారు. గల్వాన్ నది ష్యోక్ నదిలో కలిసే చోటికి సమీపంలో, దాదాపు 14,000 అడుగుల ఎత్తున, ఆ అంగీకారం అమలు కావలసి ఉంది. మనవైపు చైనా సైనికులు ఒక నిర్మాణం తలపెట్టడమే ఘర్షణకు కారణమని భారత విదేశాంగ శాఖ ప్రకటించింది. జూన్ 15 రాత్రి పోరు జరిగింది. ఇరుదేశాల మధ్య 1996లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ రేఖకు రెండు కిలోమీటర్ల లోపల తుపాకులు పేల్చరాదు. అందువల్ల ఇరవై ఒకటో శతాబ్దిలో, రెండు అణ్వస్త్ర దేశాల సైనికులు ఇనుప కడ్డీలతో, రాళ్లతో, చేతులతో పోరాడారు. పక్కనే గడ్డకట్టించే చలినీటి ప్రవాహం ఉంది. వీరగల్లు అడుగు అంతస్తులో మనం చూసే పోరాటానికి ఇది ఎంత దగ్గరగా ఉందో ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సంతోష్ బాబుతో కలిపి మనవారు ఇరవై మంది మరణించారు. 1975 తరువాత ఆ సరిహద్దులో పోరులో ప్రాణనష్టం జరగడం అదే మొదలు. తమవారు నలుగురు మరణించారని చైనా 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది.

మరణవార్త జూన్ 16న సూర్యాపేటకు చేరింది. ఆ తల్లి అన్న మాటలు అప్పట్లో అన్ని పత్రికల్లోను వచ్చాయి. కొడుకు దేశం కోసం ప్రాణమిచ్చినందుకు గర్వంగా ఉందని, ఉన్న ఒక్క కొడుకూ పోయినందుకు తల్లిగా దుఃఖంగా ఉందని ఆమె అన్నారు. ఈ రెండు మాటలనూ కలిపి వినాలి. మన ప్రాచీన సాహిత్యంలో వీరమాత అంటే ఒక అచ్చు ఉంది. నెల్లూరి మనుమసిద్ధి సేనాని ఖడ్గ తిక్కన యుద్ధరంగం నుంచి తిరిగి వస్తే తల్లీ భార్యా ఎత్తిపొడిచి మళ్లీ పోరుకు పంపారని చాటుకథ చెబుతుంది. వినడానికి రసవత్తరంగా ఉండే కథ అది. నిజమైన తల్లి మాత్రం అలా ఉండదు. కవులు ఒక్క వీరరసానికే తూచిన తూకాన్ని సూర్యాపేట తల్లి వీరానికీ శోకానికీ సమంగా తూచింది. నాలుగు దశాబ్దాలుగా ప్రబంధాలు, చాటువులు చదువుతూ వచ్చిన వానిగా చెబుతున్నాను, ఆ తూకం కావ్యాల్లో అరుదు.

పార్థివ దేహం జూన్ 17 రాత్రి హైదరాబాదు సమీపంలోని హకీంపేట వైమానిక స్థావరానికి, అక్కడినుంచి రోడ్డు మార్గాన సూర్యాపేటకు చేరింది. మరునాడు కేసారంలో, కుటుంబానికి చెందిన పొలంలో, సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. కరోనా నిబంధనల వల్ల గుమికూడడానికి వీలులేకపోయినా దారి పొడవునా జనం నిలబడి పూలు చల్లారు. ఎవరి పొలంలో వారిని సాగనంపడం మన పల్లెల్లో ఉన్నదే. దేశమంతా చూస్తున్న ఆ యాత్ర చివరకు ఒక కుటుంబపు చేను గట్టున ఆగింది.

రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి ఐదు కోట్ల రూపాయలు ఇచ్చింది. భార్యకు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం ఇచ్చింది. 2021 గణతంత్ర దినోత్సవ సందర్భంగా ఆయనకు మహావీరచక్ర పురస్కారం ప్రకటించారు. యుద్ధకాల శౌర్య పురస్కారాల్లో పరమవీరచక్ర తరువాతిది ఇదే. అదే ఏడాది నవంబరు 23న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా తల్లి, భార్య దానిని అందుకొన్నారు. అంతకు ముందే, జూన్ 15న, ప్రథమ వర్ధంతి నాడు సూర్యాపేట కోర్టు చౌరస్తాలో కాంస్య విగ్రహం ఆవిష్కృతమైంది. ఆ కూడలి ఇప్పుడు సంతోష్ బాబు పేరుతో ఉంది.

విగ్రహం ఒక్కరిది. మరణించినవారు ఇరవై మంది. ఒక ఊరు తన బిడ్డను తలచుకోవడం సహజమే గాని, మిగిలిన పందొమ్మిది మంది పేర్లు సూర్యాపేటలో ఎంతమందికి తెలుసు? నాయబ్ సుబేదారు నూదూరాం సోరెన్, హవల్దారు పళని, నాయక్ దీపక్ సింగ్, సిపాయి గుర్‌తేజ్ సింగ్ ఆ రాత్రి పోరాడి మరణించినందుకు మరణానంతరం వీరచక్ర పొందారు. ఒకరు ఒడిశా వారు, ఒకరు తమిళనాడు వారు, ఒకరు మధ్యప్రదేశ్ వారు, ఒకరు పంజాబు వారు. మిగిలిన పందొమ్మిది కుటుంబాలకు కూడా పదేసి లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2020లోనే ప్రకటించింది. 2022లో ముఖ్యమంత్రి రాంచీకి, పాట్నాకు వెళ్లి అక్కడి కుటుంబాలకు ఆ మొత్తం అందజేశారు. రాజకీయంగా దానికి ఎవరు ఏ అర్థం చెప్పుకొన్నా, ఒక ఊరి దుఃఖం ఇతర రాష్ట్రాల ఇళ్లదాకా చేయి చాచిన సందర్భంగా అది గుర్తుంచుకోదగినది. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలో ఇరవై పేర్లూ ఉన్నాయి. 2019లో ఆవిష్కృతమైన ఆ స్మారకపు గోడల్లో ఒక్కొక్క రాతి పలక మీద ఒక్కొక్క పేరు చెక్కి ఉంటుంది. పాతిక వేలకు పైగా పేర్లవి. వీరగల్లు అక్కడ ఇటుకంత పరిమాణానికి కుదించుకొని పోయింది.

ఇంతవరకు చెప్పుకొన్నది పోరులో మరణించిన వారిని గురించి. సైన్యంలో చేరిన వారిలో అత్యధికులు మరణించరు. తిరిగి వస్తారు. నౌకాదళంలో నావికులుగా చేరినవారు చాలామంది నలభయ్యేళ్ల ప్రాయంలోనే పదవీ విరమణ చేసి ఇల్లు చేరుతారు. వారి ముందు ఇంకా మూడు నాలుగు దశాబ్దాల జీవితం ఉంటుంది. పోరులో మరణించిన వానికి రాయి ఉంది. ఇంటికి వచ్చి, పిల్లల్ని చదివించి, ఊరి పనుల్లో తలదూర్చి, ముసలితనంలో మంచం మీద కన్నుమూసిన వానికి ఏముంది? వీరగల్లు సంప్రదాయం అతణ్ణి పట్టించుకోలేదు. మన కావ్యాలూ అంతే.

నావికుని విషయంలో మరొక లోటు ఉంది. సముద్రానికి గుర్తుల్లేవు. 1971 డిసెంబరు 9న అరేబియా సముద్రంలో ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ నౌక మునిగినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు జలసమాధి అయ్యారు. రాయి పాతడానికి వారు పడిన చోటు దొరకదు గనుక స్మారకాన్ని డయ్యూ తీరంలో కట్టారు. ఆ యుద్ధంలోనే డిసెంబరు 4న మన క్షిపణి పడవలు కరాచీ రేవు మీద దాడి చేశాయి. ఆ రోజునే ఏటా నౌకాదళ దినోత్సవంగా జరుపుకొంటున్నాము. దానికి ముందు రాత్రి విశాఖపట్నం ఎదుట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. ఆనాడు నౌకల్లో ఇరవై ఏళ్ల కుర్రవాళ్లుగా పనిచేసినవారు ఇప్పుడు డెబ్బయ్యవ పడి దాటారు. అటువంటి వారిని చూడడానికి సముద్రతీరానికే పోనక్కరలేదు. కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో, అలల చప్పుడు వినబడని చోట కూడా మాజీ సైనికోద్యోగులు ఉంటారు. కొందరు బ్యాంకు ద్వారం దగ్గర కాపలా ఉద్యోగంలో కుదురుకొంటారు. కొందరు వ్యవసాయం చేస్తారు. చనిపోయిన సహోద్యోగి భార్యకు కుటుంబ పింఛను కాగితాలు నింపిపెట్టేవారు, నవంబరు రాగానే వృద్ధులైన పింఛనుదారులను వెంటబెట్టుకొని పోయి జీవన ధ్రువపత్రం ఇప్పించేవారు, పంద్రాగస్టుకు బడిపిల్లల చేత కవాతు చేయించేవారు వారిలోనే ఉంటారు.

దీనిని వీరమనవచ్చునా? అలంకారశాస్త్రం అనవచ్చుననే చెబుతుంది. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో వీరాన్ని దానవీరం, ధర్మవీరం, యుద్ధవీరం, దయావీరం అని నాలుగుగా విభజించాడు. (ఈయన మన విశ్వనాథ సత్యనారాయణ కాదు, పద్నాలుగో శతాబ్ది ఆలంకారికుడు.) నాలుగింటిలో యుద్ధవీరం ఒక్కటి మాత్రమే కత్తితో ముడిపడినది. వీరరసానికి స్థాయీభావం కోపం కాదు, ఉత్సాహం. చేయదలచిన పనిలో సడలని పూనిక అని దాని అర్థం. పరాయి స్త్రీ పింఛను కోసం కార్యాలయం మెట్లు పదిసార్లు ఎక్కి దిగినవాని పూనిక ఆ నిర్వచనానికి చక్కగా సరిపోతుంది. శాస్త్రం చోటిచ్చినా మన స్మారకాలు మాత్రం యుద్ధవీరం దగ్గరే ఆగిపోయాయి.

అటువంటి వారు మరణించినప్పుడు మనం ఏం చేస్తున్నాము? కూడలిలో ఒక ఫ్లెక్సీ కడుతున్నాము. దాని మీద పెద్ద ఛాయాచిత్రం, 'కన్నీటి నివాళి' అన్న అక్షరాలు, అడుగున నివాళి అర్పించేవారి పేర్లు ఉంటాయి. ఒక్కొక్కప్పుడు పోయినవాని కన్న నివాళి అర్పించేవారి ముఖాలే పెద్దవిగా కనిపిస్తాయి. పది రోజులకు ఎండకు రంగు వెలిసిపోతుంది. దినపత్రికలో వేయించే వర్ధంతి ప్రకటనలో 'పరోపకారి, స్నేహశీలి, ఆదర్శమూర్తి' అన్న మూడు విశేషణాలు ఎవరి పేరు ముందు పెట్టినా ఇముడుతాయి. ఎవరికైనా ఇమిడే మాట ఎవరినీ గుర్తు చేయదు. సంస్మరణ వ్యాసం రాయబూనిన విద్యార్థి ఈ విశేషణాలను పక్కనపెట్టి పనులను వెతకాలి. ఆయన ఏ ఏడు సైన్యంలో చేరాడు, ఏ నౌకలో ఏ పని చేశాడు, ఇంటికి ఎన్నాళ్లకొకసారి వచ్చేవాడు, ఆ మధ్యకాలంలో ఇల్లు ఎవరు నడిపారు అని అడగాలి. చివరి ప్రశ్న ముఖ్యమైనది. సైనికుని జీవితచరిత్రలో సగం అతని భార్య జీవితచరిత్రయే. జ్వరంతో ఉన్న బిడ్డను రాత్రివేళ ఒంటరిగా వైద్యుని దగ్గరకు తీసుకుపోయినది ఆమె. ఇనుప పెట్టెలో అడుగున దాచిన సర్వీసు పుస్తకం, పతకం, పాత ఉత్తరాలు ఆమెకు మాత్రమే ఎక్కడ ఉన్నాయో తెలుస్తాయి.

సంతోష్ బాబు విషయంలోనైనా ఇంతే. ఆయన శౌర్యాన్ని పురస్కార పత్రం నమోదు చేసింది. ఆయన కోరుకొండ వసతి గృహం నుంచి ఇంటికి ఏం రాసేవాడు, సెలవుల్లో సూర్యాపేట వచ్చినప్పుడు ఎవరి ఇంటికి ముందు పోయేవాడు అన్నవి పత్రంలో ఉండవు. అవి తోటివారి దగ్గర, ఉపాధ్యాయుల దగ్గర, ఇరుగుపొరుగు దగ్గర ఉన్నాయి. ఇప్పుడు అడిగితే దొరుకుతాయి.

అడగగానే చెప్పేవారిని చూడాలంటే విశాఖపట్నం రామకృష్ణా బీచికి వెళ్లాలి. విహారయాత్రకు పోయిన విద్యార్థులు చాలామంది అక్కడి కురుసుర జలాంతర్గామిని చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో గస్తీ తిరిగి, 2001లో విరమించిన ఆ నౌకను ఇసుక మీదికి లాగి 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. తొంభై మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలో సుమారు డెబ్బై అయిదుగురు వారాల తరబడి ఉండేవారు. లోపల దారి చూపి వివరించే బాధ్యతను విశ్రాంత నావికోద్యోగులకే అప్పగించారు. టార్పెడోలు అమర్చే గొట్టాలను వారు చూపుతారు. ఆ పక్కనే, ఒకరి మీద ఒకరుగా అమర్చిన ఇరుకు పడకలను, నలుగురు నిలబడితే నిండిపోయే వంటగదిని కూడా చూపుతారు.